టీనేజ్ పిల్లలతో మార్కు సువార్త మొదటి నుంచి చివరి దాకా చదవడం ఎలా?

సండే స్కూల్లో పెరిగిన పిల్లలకు బైబిలు కథలు చాలా వచ్చు. కంఠత వాక్యాలూ వచ్చు. కానీ వాళ్లకు తెలిసినదంతా ముక్కలు ముక్కలుగా ఉంటుంది. తుఫాను ఆగిన కథ వచ్చు, అది ఏ సువార్తలో ఏ సంఘటన తర్వాత జరిగిందో తెలియదు. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అనే వాక్యం పరీక్షల ముందు గోడకు అతికించుకుంటారు. అది చెరసాలలో ఉన్న మనిషి రాసిన మాట అనీ, దానికి ముందున్న రెండు వచనాల్లో అతను ఆకలిలోనూ సమృద్ధిలోనూ తృప్తిగా ఉండటం గురించి చెబుతున్నాడనీ ఎవరూ చూపించి ఉండరు. పరీక్ష పోయిన రోజున ఆ వాక్యం మీద నమ్మకం కూడా పోతుంది. తప్పు వాక్యానిది కాదు, దాన్ని చుట్టూ ఉన్న మాటల నుంచి తెంపి చేతిలో పెట్టిన పెద్దవాళ్లది.

దీనికి మందు ఒక్కటే. ఒక పుస్తకం తీసుకుని, మొదటి నుంచి చివరి దాకా, పెద్దవాళ్లు పక్కనే కూర్చుని అదే పేజీ చదవాలి. పిల్లలకు పుస్తకం ఇచ్చి "చదువుకో" అని వదిలేయడం చదివించడం కాదు.

మార్కుతోనే ఎందుకు మొదలుపెట్టాలి

నాలుగు సువార్తల్లో చిన్నది ఇదే, 16 అధ్యాయాలు. వంశావళి లేదు, జనన వృత్తాంతం లేదు. మొదటి అధ్యాయంలోనే బాప్తిస్మం, శోధన, శిష్యుల పిలుపు, స్వస్థతలు వరసగా వచ్చేస్తాయి. "వెంటనే" అని మనం చదివే గ్రీకు మాట ఈ చిన్న పుస్తకంలో సుమారు 40 సార్లు వస్తుంది. ఆ వేగం టీనేజ్ పిల్లలకు నచ్చుతుంది. అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. మార్కు శిష్యుల పొరపాట్లను దాచడు. వాళ్లకు అర్థం కాదు, భయపడతారు, ఎవరు గొప్ప అని వాదించుకుంటారు, చివరికి పారిపోతారు. "నాకు విశ్వాసం తక్కువేమో" అని లోపల మథనపడే పిల్లలు ఇక్కడ తమలాంటి వాళ్లను చూస్తారు.

ఆదికాండముతో మొదలుపెట్టి ప్రకటన దాకా చదివించాలనే ఆశ చాలామందికి ఉంటుంది. బైబిలులో 1,189 అధ్యాయాలున్నాయి. ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు. ఆదికాండము బాగానే సాగుతుంది, నిర్గమకాండము 20 దాకా కూడా ఫర్వాలేదు. 25వ అధ్యాయంలో ప్రత్యక్ష గుడారపు కొలతలు మొదలవగానే నడక మందగిస్తుంది, లేవీయకాండములో ఆగిపోతుంది. ఆగిపోయిన పిల్లవాడు "నావల్ల కాదు" అనుకుని రెండేళ్లు మళ్లీ బైబిలు తెరవడు. ఆ భాగాలు విలువైనవే, కానీ అవి మొదటి మెట్టు కావు. ప్రకటన గ్రంథంతో అసలు మొదలుపెట్టవద్దు. పాత నిబంధన తెలియకుండా దాన్ని చదివితే ఊహలూ భయాలూ తప్ప ఏమీ మిగలవు.

ముందుగా పెద్దవాళ్లు చేయాల్సిన పని

మొదటి వారానికి కనీసం పది రోజుల ముందు మీరు మార్కు సువార్త మొత్తం మధ్యలో లేవకుండా ఒకే విడతలో చదవండి. వ్యాఖ్యానాలు తెరవకుండా, ఫోను పక్కన పెట్టి, సుమారు గంటన్నర. రెండోసారి బిగ్గరగా చదవండి. బిగ్గరగా చదివినప్పుడు నాలుక ఎక్కడ తడబడిందో అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టండి. మీరు తడబడిన చోట పిల్లలు ఆగిపోతారు.

ఇక్కడ తెలుగువాళ్లకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. మన సంఘాల్లో ఎక్కువగా చదివే పాత అనువాదం గ్రాంథిక భాషలో ఉంది. పెద్దలకు అది చెవులకు అలవాటైన ఆరాధన భాష. ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలకు అది సగం పరాయి భాష. వాళ్లు తలూపుతారు, అర్థమైందని మీరు అనుకుంటారు. మార్కు 4:21లో దీపాన్ని "కుంచము క్రింద" పెట్టరు అని ఉంటుంది. కుంచమంటే ధాన్యం కొలిచే పాత్ర అని తెలియని పిల్లలు దాన్ని బొమ్మలు వేసే కుంచె అనుకుంటారు. సుంకరి, శతాధిపతి, దోనె, సమాజమందిరము, దేనారము, మారుమనస్సు - ఇలాంటి మాటలన్నీ ముందే ఏరి పెట్టుకోండి. ఒక్కో భాగంలో నాలుగైదు మించి ఉండవు. చదవబోయే ముందు ఒక్కొక్క వాక్యంలో అర్థం చెప్పేస్తే చాలు, చదువు మధ్యలో ఆపి వివరిస్తే కథ తెగిపోతుంది.

వాడుక భాషలో వచ్చిన అనువాదాలు ఉన్నాయి, వాటిని నిస్సంకోచంగా వాడండి. పాత అనువాదం వదిలేయమని కాదు. పిల్లలు రేపు ఆరాధనలో వినేది అదే. కాబట్టి భాగాన్ని మొదట వాడుక భాషలో చదివి, రెండోసారి పాత అనువాదంలో చదవడం మంచిది. రెండోసారికి అర్థం ముందే తెలిసి ఉంటుంది గనుక ఆ భాషలోని అందం కూడా చెవికెక్కుతుంది. ఇంగ్లీషులో తేలికగా చదివే పిల్లవాడుంటే ఇంగ్లీషు బైబిలే తెచ్చుకోనివ్వండి. తెలుగు రాకపోవడాన్ని అందరి ముందు ఎత్తిచూపితే వచ్చే వారం రాడు.

భాగాన్ని విడి కాగితం మీద అచ్చు వేసి ఇవ్వడం ఈ మొత్తం పద్ధతిలో అతి తక్కువ శ్రమతో అతి ఎక్కువ ఫలితం ఇచ్చే పని. అక్షరాలు కాస్త పెద్దవిగా, 14 పాయింట్ల సైజులో, వరసల మధ్య ఒకటిన్నర రెట్ల ఖాళీతో, కుడివైపు మూడు వేళ్ల వెడల్పు మార్జిన్‌తో వేయండి. అధ్యాయాల, వచనాల అంకెలు తీసేయండి. అవి మార్కు రాసినవి కావు. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో, కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచనాల అంకెలు 1551లో రాబర్ట్ ఎస్తియెన్ అచ్చువేసిన ప్రతిలో వచ్చాయి. అంకెలు లేకపోతే పిల్లలు దాన్ని ఒక కథలా చదువుతారు. అంకెలు ఉంటే వచనాల జాబితాలా చూస్తారు. మీ దగ్గరున్న ప్రతిలో మాత్రం అంకెలు ఉంచుకోండి, చర్చలో చోటు చూపించడానికి అవసరం.

పదమూడు వారాలకు భాగాలు

మొదటి కలయికలో వివరణ ఏమీ లేకుండా సువార్త మొత్తం బిగ్గరగా చదవండి. ఇది సాధ్యమేనా అని అనుమానం రావచ్చు. 8:26 దగ్గర పదిహేను నిమిషాలు విరామమిచ్చి, ముగ్గురు నలుగురు మంచి గొంతువాళ్లు మార్చి మార్చి చదివితే రెండు గంటల్లో పూర్తవుతుంది. మొదటి శ్రోతల్లో చాలామంది ఈ సువార్తను విన్నారే గాని చదవలేదు. విన్నాక ఒక్క ప్రశ్న చాలు: "ఇంతకు ముందు తెలియనిది ఏం వినిపించింది?"

తర్వాత పన్నెండు వారాలకు ఈ వరస బాగా నప్పుతుంది: 1:1–20, 2:1–12, 4:1–20, 4:35–41, 5:21–43, 6:30–44, 8:22–38, 9:14–29, 10:35–52, 14:27–72, 15:21–39, చివరగా 16:1–8. మధ్యలో వదిలిన భాగాలను పిల్లలు ఇంట్లో చదువుకుంటారు, లేదా ఆడియోలో వింటారు. 14వ అధ్యాయపు భాగం పొడవు ఎక్కువ, ఆ వారం చర్చ తగ్గించి చదవడానికే సమయం ఇవ్వండి. మిగతావన్నీ ఇరవై అయిదు వచనాల లోపే ఉంటాయి. అంతకంటే ఎక్కువైతే పిల్లలు పైపైన చూస్తారు. తుఫాను కథ ఏడు వచనాలే, తక్కువని దానికి ఇంకోటి కలపవద్దు.

ఒక గంట ఎలా నడుస్తుంది

ఆరుగురు ఎనిమిదిమంది గుంపు సరైనది. పన్నెండు దాటితే రెండుగా విడదీయండి, లేకపోతే మాట్లాడేవాళ్లు ముగ్గురే, మిగతావాళ్లు ప్రేక్షకులు. ఇద్దరు పెద్దలు ఉండాలి. ఈ సంగతి మళ్లీ వస్తుంది. వచ్చి కూర్చోవడానికి అయిదు నిమిషాలు పోతాయి. పది నిమిషాల్లో భాగాన్ని రెండుసార్లు చదవండి. ఆ తర్వాత ఏడు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. ప్రతి ఒక్కరూ పెన్సిలుతో తమ కాగితం మీద మూడు రకాల గుర్తులు పెడతారు: అర్థం కాని చోట ప్రశ్న గుర్తు, ఆశ్చర్యపడిన చోట ఆశ్చర్యార్థకం, తమతో మాట్లాడినట్టు అనిపించిన మాట కింద గీత. నోరు విప్పని పిల్లవాడు కూడా కాగితం మీద గుర్తు పెడతాడు. మిగిలిన సమయంలో అరగంట పైచిలుకు చర్చ, అయిదు నిమిషాలు ప్రార్థన. సమయానికి ముగించండి. చర్చ బాగా సాగుతున్నప్పుడు ఆపితే వచ్చే వారం వస్తారు, అలసిపోయేదాకా సాగదీస్తే రారు.

ఎవరి చేతా బలవంతంగా బిగ్గరగా చదివించకండి. గుండ్రంగా కూర్చోబెట్టి ఒక్కొక్కరు ఒక్కొక్క వచనం చదివే అలవాటు మనకు బాగా పాతుకుపోయింది. అది మానేయాలి. చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకు, డిస్లెక్సియా ఉన్నవాళ్లకు, అది తమ వంతు వచ్చేదాకా నరకం. వాళ్లు వచనాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు, కథ ఒక్క ముక్క వినరు. ముందుగా అడిగి ఇద్దరిని సిద్ధం చేయండి. లేదా పాత్రలు పంచండి: కథ చెప్పేవాడు ఒకడు, కూతురి కోసం బతిమాలే తండ్రి యాయీరు ఒకడు, గుంపు మాటలు అందరూ కలిసి.

ఫోన్లలో బైబిలు ఉంటే ఫ్లైట్ మోడ్‌లో పెట్టమనండి. కాగితం ఇచ్చారు గనుక ఫోను అవసరం అసలు ఉండదు.

ప్రశ్నలు అడగడంలోనే అంతా ఉంది

"ఈ భాగం మనకు ఏం నేర్పుతుంది?" అనేది చెడ్డ మొదటి ప్రశ్న. దానికి పిల్లల దగ్గర సిద్ధంగా ఉన్న జవాబులు నాలుగున్నాయి: ప్రార్థన చేయాలి, నమ్మాలి, విధేయులం కావాలి, ఇతరులను ప్రేమించాలి. భాగాన్ని చదవకపోయినా ఈ నాలుగూ చెప్పగలరు. చదివితే తప్ప జవాబు రాని ప్రశ్న అడగండి.

తుఫాను భాగమే తీసుకోండి. "ఈ కథలో ఎవరెవరు ఎప్పుడెప్పుడు భయపడ్డారు?" అని అడగండి. పిల్లలు గాలివానలో అంటారు. "ఇంకెక్కడైనా భయం అనే మాట ఉందా, చూడండి" అనండి. గాలి ఆగిపోయి, నీళ్లు నిమ్మళించిన తర్వాతే శిష్యులు మిక్కిలి భయపడ్డారని 4:41లో ఉంది. తుఫాను కంటే తుఫానును ఆపినవాడు వాళ్లకు ఎక్కువ భయం కలిగించాడు. దాన్ని ఒక పిల్లవాడు తనంతట తాను కనిపెడితే ఇక మీరు ఏమీ బోధించనక్కర్లేదు. "ఈయన ఎవరు?" అనే శిష్యుల ప్రశ్నే ఆ గదిలో నిలబడుతుంది.

5:21–43లో "పన్నెండు" ఎన్నిసార్లు వచ్చిందో వెతకమనండి. రక్తస్రావంతో పన్నెండేళ్లు బాధపడిన స్త్రీ, పన్నెండేళ్ల అమ్మాయి. ఆ అమ్మాయి పుట్టిన కాలం నుంచీ ఆ స్త్రీ రోగంతోనే ఉంది. ఒకరికి కూతురి కోసం బతిమాలే తండ్రి ఉన్నాడు. రెండో ఆమె కోసం ఎవరూ రాలేదు. ఆమెను యేసు "కుమారీ" అని పిలుస్తాడు. తర్వాత "యాయీరు స్థానంలో ఉంటే, దారిలో ఈ ఆలస్యం జరుగుతున్నప్పుడు మీకు ఎలా ఉంటుంది?" అని అడగండి. జవాబు రాని ప్రార్థనల గురించి పిల్లలు మాట్లాడటం మొదలుపెట్టేది ఇక్కడే.

10వ అధ్యాయంలో యేసు ఒకే ప్రశ్నను రెండు చోట్ల అడుగుతాడు: 36వ వచనంలో యాకోబు, యోహానులను, 51లో గుడ్డివాడైన బర్తిమయిని. నేను మీకు ఏం చేయాలని కోరుతున్నారు? అన్నదమ్ములు ఆయన మహిమలో కుడి ఎడమ వైపుల చోటు అడిగారు, బర్తిమయి చూపు అడిగాడు. పిల్లల చేత ఆ రెండు జవాబులను పక్కపక్కన రాయించండి. తర్వాత ఆ ప్రశ్న యేసు తమను అడిగితే ఏమంటారో కాగితం వెనక రాయమనండి, ఎవరికీ చూపించనక్కర్లేదని చెప్పి.

ప్రశ్న అడిగాక పది సెకన్లు ఆగండి. మనసులో లెక్కపెట్టండి. పెద్దవాళ్లు సాధారణంగా మూడు సెకన్లు కూడా ఆగలేక తామే జవాబు చెప్పేస్తారు. రెండు వారాలు అలా జరిగితే, మౌనంగా ఉంటే సారే చెప్పేస్తాడని పిల్లలు నేర్చుకుంటారు. జవాబు తప్పయినా "కాదు" అనకండి, "అది ఏ మాటలో కనిపించింది?" అని అడగండి. కాగితంలోకి తిరిగి చూస్తే తమ తప్పు తామే దిద్దుకుంటారు. కొన్నిసార్లు తప్పు మీదని తేలుతుంది, ఒప్పుకోండి.

గట్టి ప్రశ్నలు వచ్చే చోట్లు

కొన్ని చోట్ల ఏ ప్రశ్న వస్తుందో ముందే తెలుసు. 14:51–52లో బట్ట వదిలేసి పారిపోయిన పడుచువాడి దగ్గర నవ్వులు వస్తాయి. నవ్వనివ్వండి. అతనెవరో మార్కు చెప్పలేదు, మీరూ ఊహించి చెప్పకండి.

9:14–29లోని అబ్బాయి లక్షణాలు మూర్ఛరోగంలా కనిపిస్తాయి. గుంపులో ఫిట్స్ వచ్చే పిల్లవాడో, అలాంటి తమ్ముడున్న అమ్మాయో ఉండవచ్చు. ఏమీ చెప్పకుండా దాటేస్తే, తన జబ్బు దయ్యం పని అని ఆ పిల్లవాడు ఇంటికి మోసుకుపోతాడు. మత్తయి 4:24 తెరిచి చూపించండి. అక్కడ దయ్యము పట్టినవారిని, చాంద్రరోగులను విడివిడిగా పేర్కొన్నారు. చాంద్రరోగం అంటే మూర్ఛే. రెండూ ఒకటని బైబిలే అనడం లేదు. ఫిట్స్ మందులు డాక్టరు చెప్పకుండా ఆపితే ప్రాణానికే ప్రమాదమని కూడా స్పష్టంగా చెప్పండి. దిగులు, నిద్రలేమి, చచ్చిపోవాలనే ఆలోచనలు ఉన్న పిల్లల విషయంలోనూ ఇంతే: ప్రార్థన చేయండి, డాక్టరు దగ్గరికీ తీసుకువెళ్లండి. ఆ అబ్బాయి తండ్రి మాట ఈ భాగానికి గుండెకాయ: "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" (9:24). సగం నమ్మకంతో వచ్చిన ఆ తండ్రిని యేసు వెనక్కి పంపలేదు.

చివరి వారం 16:8 దగ్గర ఆపినప్పుడు, "మిగతా పన్నెండు వచనాల సంగతేమిటి?" అని అడుగుతారు. నాలుగో శతాబ్దానికి చెందిన సీనాయి, వాటికన్ అనే గ్రీకు చేతిరాత ప్రతులు రెండూ మార్కును 16:8తో ముగిస్తాయి, 9–20 తర్వాతి ప్రతుల్లో ఉన్నాయి. చాలా బైబిళ్లలో పుట అడుగున ఈ విషయం రాసే ఉంటుంది. ఇది దాచాల్సిన సంగతి కాదు. మీ నోట ప్రశాంతంగా వింటే అదొక సమాచారం. పద్దెనిమిదో ఏట ఇంటర్నెట్‌లో ఎవరో వెటకారంగా చెప్పగా వింటే, ఇన్నాళ్లూ మావాళ్లు మోసం చేశారనే గాయం. పునరుత్థాన వార్త 16:6లోనే ఉంది, పునరుత్థానుడైన యేసు కనబడిన వృత్తాంతాలు మిగతా మూడు సువార్తల్లో ఉన్నాయి, 1 కొరింథీయులకు 15లో ఉన్నాయి. అవి తెరిచి చదివించండి.

తెలియని ప్రశ్న వస్తే నోటుపుస్తకంలో అందరి ముందు రాసుకోండి, వచ్చే వారం జవాబుతో రండి. తెలియదని చెప్పడం వల్ల గౌరవం పోదు. రాసుకున్నది మర్చిపోతేనే పోతుంది. సందేహం చెప్పిన పిల్లవాణ్ణి ప్రార్థన అంశంగా మార్చకండి. తోమా నమ్మనని చెప్పిన ఎనిమిది రోజుల తర్వాత కూడా శిష్యుల మధ్యే ఉన్నాడు (యోహాను 20:26). వాళ్లెవరూ అతణ్ణి బయటికి పంపలేదు.

పిల్లల భద్రత

వాక్యం చదువుతుంటే దాచుకున్న బాధలు బయటికి వస్తాయి. అందుకే గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు, తలుపు తెరిచి లేదా అద్దంలోంచి లోపలికి కనిపించేలా. ఒక పెద్ద, ఒక పిల్ల విడిగా మూసిన గదిలో ఉండకూడదు. మెసేజులు తల్లిదండ్రులు కూడా ఉన్న గ్రూపులోనే. ఈ నియమం నమ్మకమైన వ్యక్తులకు కూడా వర్తిస్తుంది, ముఖ్యంగా వాళ్లకే.

"ఎవరికీ చెప్పనని మాటివ్వండి" అని ఎవరైనా అడిగితే ఆ మాట ఇవ్వకండి. "నిన్ను కాపాడటానికి చెప్పాల్సినవాళ్లకు మాత్రం చెబుతాను, అది నీకు తెలియకుండా చేయను" అనండి. తనను ఎవరో బాధపెడుతున్నారని చెబితే విని, నమ్మి, గుచ్చి గుచ్చి ప్రశ్నించకుండా, ఆ పిల్ల వాడిన మాటలనే తేదీతో అదే రోజు రాసిపెట్టండి. పిల్లల భద్రత చూసే బాధ్యుడికి, చట్టం చెప్పిన అధికారులకు తెలియజేయండి. బాధపెట్టినవాడిని పిలిచి సంఘంలోనే రాజీ చేయడం, క్షమించమని పిల్లను తొందరపెట్టడం ఘోరమైన తప్పు.

2 సమూయేలు 13, న్యాయాధిపతులు 19, ఆదికాండము 34 లాంటి భాగాలు చిన్నపిల్లలకు ఒంటరి చదువుగా ఇవ్వకండి. పెద్ద పిల్లలతో చదివేటప్పుడు ముందు వారమే విషయం చెప్పి, రాకపోయినా ఫర్వాలేదనండి. చదివితే మాత్రం నిజాయితీగా చదవాలి. 2 సమూయేలు 13లో అత్యాచారానికి గురైన తామారును ఊరకుండమని ఆమె అన్న అబ్షాలోము చెప్పాడు, తండ్రి దావీదు కోపపడ్డాడు గాని ఏమీ చేయలేదు. ఆ మౌనం ఎంత చెరుపు చేసిందో తర్వాతి అధ్యాయాలన్నీ చూపిస్తాయి.

ఇంట్లో తల్లిదండ్రులకు

ఇంట్లో పద్ధతి వేరు. వారానికి నాలుగు రోజులు, పదిహేను నిమిషాలు, అంతే. ఏడు రోజులు పెట్టుకుంటే రెండు రోజులు తప్పగానే అపరాధభావం వచ్చి మొత్తం మానేస్తారు. కుటుంబ ప్రార్థనలో నాన్న చదవడం, నాన్నే వివరించడం, నాన్నే ప్రార్థించడం జరుగుతుంటే, వారంలో ఒక రోజు భాగాన్ని పిల్లలే ఎంచుకుని వాళ్లే ప్రశ్న అడగాలి. జవాబు తెలియని కుర్చీలో మీరు కూర్చోవాలి.

"చదివావా?" అని అడగడం మానేయండి. దానికి అవుననో కాదనో తప్ప జవాబు లేదు, అబద్ధం చెప్పడానికి అదే తేలికైన చోటు. "నాకు ఈ మాట అర్థం కాలేదు, నీకేమనిపించింది?" అని అడిగితే సంభాషణ మొదలవుతుంది. తప్పు చేసినందుకు శిక్షగా బైబిలు అధ్యాయాలు రాయించకండి. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ పేజీలు చూస్తే ఆ రోజే గుర్తొస్తుంది. పిల్లలు చదువుతూ తమ సొంత నోటుపుస్తకంలో రాసుకున్నది అడక్కుండా తెరవకండి. రాత్రి వాళ్లు మీతో ఒప్పుకున్న విషయాన్ని ఆదివారం సంఘంలో ప్రార్థన మనవిగా చెబితే, ఇక మీదట మీకేమీ చెప్పరు. ఇది అతి సాధారణంగా జరిగే తప్పు, అతి ఖరీదైనది కూడా.

పది నుంచి పన్నెండేళ్ల వాళ్లకు మీరు చదివి వినిపించడమే మేలు. పదమూడు దాటాక పక్కపక్కన కూర్చుని ఎవరి కాగితం వాళ్లు గుర్తులు పెట్టి, తర్వాత మార్చుకుని చూడండి. పదహారు దాటాక వాళ్లు ఒంటరిగా చదివి, వారానికోసారి మీతో కాసేపు మాట్లాడితే సరిపోతుంది.

మిగతా క్రైస్తవ పుస్తకాలు ఇచ్చే ముందు

బహుమతిగా ఇచ్చే ప్రతి పుస్తకాన్నీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మీరు చదవాలి. అట్ట మీద సిలువ ఉంటే సరిపోదు. పుస్తకం ఎక్కడైనా తెరిచి, అందులో ఉదహరించిన వాక్యాలు అయిదు ఎంచుకోండి. బైబిలులో ఒక్కొక్కదానికి పైన అయిదు వచనాలు, కింద అయిదు వచనాలు చదవండి. రెండు మూడు చోట్ల వాక్యం చెప్పేది ఒకటి, రచయిత చెప్పేది ఇంకొకటి అయితే ఆ పుస్తకం పక్కన పెట్టేయండి. జబ్బు వస్తే మందులు మానమన్నా, బీదరికానికి విశ్వాసం లేకపోవడమే కారణమన్నా, ప్రశ్నించేవాళ్లను శపించినా ఇక చదవనక్కర్లేదు. జీవిత చరిత్రల్లో ఆ మనిషి పొరపాట్లు కూడా రాసినవి ఎంచుకోండి. లోపం లేని మనిషి కథ చదివిన పిల్లలకు మిగిలేది నిరుత్సాహమే. భాష సరిపోతుందో లేదో చూడటానికి ఒక పేజీ పిల్లల చేత చదివించండి, తెలియని మాటలు అయిదు దాటితే ఆ పుస్తకం ఇంకో ఏడాది ఆగవచ్చు.

మార్కు తర్వాత

ముగిసిన వెంటనే ఇంకో పెద్ద పుస్తకం ఎత్తుకోకుండా నాలుగు వారాల చిన్న పుస్తకం తీసుకోండి. యోనాకు నాలుగే అధ్యాయాలు, 48 వచనాలు, చివరి వచనం ఒక ప్రశ్నతో ఆగిపోతుంది. ఆ ప్రశ్నకు యోనా ఏం చెప్పి ఉంటాడో పిల్లల చేత రాయించండి. రూతుకూ నాలుగే. ఫిలిప్పీయులకు కూడా నాలుగే, గోడ మీద వాక్యం దాని సొంత చోట కనిపించేది అక్కడే. బాధలో ఉన్న పిల్లలకు 13, 22, 88 కీర్తనలు ఇవ్వండి. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, దానికి సంతోషకరమైన ముగింపు మీరు అతికించకండి. రోజూ చదివే అలవాటు పడ్డవాళ్లు కొత్త నిబంధన మొత్తం కోరుకుంటే, 260 అధ్యాయాలు, వారానికి అయిదు చొప్పున సరిగ్గా 52 వారాలు. శని, ఆదివారాలు తప్పిన అధ్యాయాలు అందుకోవడానికి ఖాళీగా ఉంటాయి.

మార్కు కాగితాలన్నీ దారంతో కుట్టి, పిల్లల పేర్లు రాసి ఎవరివి వాళ్లకు ఇచ్చేయండి. వాళ్లు పెట్టిన ప్రశ్న గుర్తులు చెరపకుండా అలాగే ఉంచండి.